పక్క పీట



నేను పుట్టింది నందిగామలో, మెట్టింది జగ్గయ్యపేటలో. 2022 ఏప్రిల్ నుంచి మా ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి గానీ, మా పెద్దవాళ్ల నోట ఇంకా కృష్ణా జిల్లా మెట్టప్రాంతమే. ఈ రెండు ఊళ్లకీ మధ్య ముప్ఫై కిలోమీటర్లు, విజయవాడ–హైదరాబాదు రోడ్డు. ఆ రోడ్డు మీదే చదువుకని విజయవాడ వైపు వెళ్లాను, ఉద్యోగానికని హైదరాబాదు వైపు వెళ్లాను. సాఫ్ట్‌వేర్ పనిలో చేరి పద్దెనిమిదేళ్లయింది. అందులో చివరి ఐదేళ్లు ఎక్కువ భాగం జగ్గయ్యపేటలో, మా అత్తగారింటి ముందు గదిలోనే గడిచాయి.

వీధిలో ఎదురైనవాళ్లు అడుగుతుంటారు: "ఏమ్మా, ఇంకా ఇంటి దగ్గరేనా? ఆఫీసుకి రమ్మనట్లేదా?" అని. అందులో సగం ఆప్యాయత, సగం అనుమానం. ఉద్యోగం ఉందో ఊడిందో తేల్చుకుందామని. నేనూ ఏదో నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇవాళ ఆ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్పుకుందాం.

మా వైపు ఈ ఇంటి నుంచి పని కథ మొదలైంది గరికపాడు దగ్గర. జగ్గయ్యపేట దాటి హైదరాబాదు వైపు వెళితే వచ్చే ఊరు. రాష్ట్రం విడిపోయాక సరిహద్దు చెక్‌పోస్టు అక్కడే. 2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారితే ఉగాది. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పోలీసులు ఇచ్చిన అనుమతి పత్రాలు పట్టుకుని పిల్లలంతా కార్లలో, బైకుల మీద బయల్దేరి వచ్చేస్తే, గరికపాడు దగ్గర ఆపేశారు. వైద్య పరీక్షలన్నారు, క్వారంటైన్ అన్నారు. పండగ పూట వందలమంది రోడ్డు మీదే ఉండిపోయారు.

ఆ వరసలో మా మరిది కూడా ఉన్నాడు. బైకు తను నడుపుతున్నాడు. వెనక కూర్చున్న స్నేహితుడి ఒళ్లో దుప్పటి చుట్టిన సీపీయూ. "ఏంటయ్యా ఆ మూట?" అని పోలీసాయన అడిగితే, "ఆఫీసండీ" అన్నాడట.

ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ అందులో నవ్వుకి మించిన సంగతి ఒకటుంది. ఆఫీసంటే మా కళ్లకి అద్దాల మేడ. మెళ్లో కార్డు, గేటు దగ్గర తనిఖీ, మధ్యాహ్నం క్యాంటీన్. ప్రత్యేక ఆర్థిక మండళ్లలో, అంటే సెజ్‌లలో, ఉన్న కంపెనీలకైతే ఆ గేటు మరీ గట్టిది. పన్ను రాయితీతో తెచ్చుకున్న సామాను అనుమతి లేకుండా బయటికి కదలకూడదు. అలాంటిది, ఆ ఆఫీసంతా ఒక దుప్పట్లో పట్టింది. ఉద్యోగాలు ముందు కదిలాయి, నిబంధనలు తర్వాత కదిలాయి. 2022 జూలైలో గానీ కేంద్రం సెజ్ నిబంధనల్లో 43ఏ అనే కొత్త అంశం చేర్చి, సగం మంది దాకా ఇంటి నుంచి పని చేయొచ్చని నిబంధనగా రాయలేదు.

సరే, ఆఫీసు ఇంటికొచ్చింది. మరి ఇల్లు దానికి చోటిచ్చిందా?

మొదటి నెల మా అత్తగారు పక్కింటావిడతో అన్న మాట నాకు వినపడింది: "మా కోడలు పొద్దస్తమానం గోడతో ఇంగ్లీషు మాట్లాడుతోంది" అని. ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నట్టేనని మన లెక్క. గ్యాస్ బండ వస్తే తీసుకునేది నేనే, పాలవాడికి డబ్బులిచ్చేది నేనే, చుట్టాలొస్తే మంచినీళ్లిచ్చేదీ నేనే. ఒకసారి అమెరికా వాళ్లతో మాట్లాడుతుంటే వంటింట్లో పోపులో ఎండుమిరపకాయలు మాడాయి. మాది మిరప పండే నేల. ఆ ఘాటు మామూలుది కాదు. నేను దగ్గుతూనే ఉన్నాను, అవతలివాళ్లు కంగారుపడి మీటింగు ముగించేశారు. కరోనా రోజులు కదా, మర్నాడు నా ఆరోగ్యం ఎలా ఉందంటూ నాలుగు మెయిళ్లు.

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చే తీగ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. పత్తి బోరాలు ఎత్తుగా కట్టిన లారీ మా సందులోకి తిరిగిందంటే నా గుండె దడదడలాడుతుంది. ఏటా ఒకటి రెండుసార్లు ఆ తీగ తెంపుకుని పోతుంది. అయినా, పదేళ్ల కిందట ఆ తీగైనా లేదు. 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటే నమ్మని వాళ్లున్నారు. అలా స్తంభాల మీదుగా ఊళ్లోకి తీగలు రాకపోయుంటే ఇవాళ నేనిక్కడ ఉండేదాన్నే కాదు.

ఇంకో చిత్రం. అమెరికా వాళ్లు ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి, గడియారం ఒక గంట ముందుకీ వెనక్కీ జరుపుకుంటారు. వాళ్లక్కడ ముల్లు తిప్పితే జగ్గయ్యపేటలో మా ఇంటి రాత్రి భోజనాల వేళ మారిపోతుంది. మా మామగారికి ఈ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. "సూర్యుడు మనకేమీ మారలేదు కదమ్మా" అంటారు.

ఇన్ని ఉన్నా, ఇల్లు నాకు చేసిన మేలు చిన్నది కాదు. హైదరాబాదులో రోజుకి రెండున్నర గంటలు క్యాబులో పోయేవి. ఇక్కడ ఆ రెండున్నర గంటల్లో పిల్లవాడికి ఎక్కాలు వచ్చాయి, మా అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ గడిచిపోయింది. నాతో చేరిన ఆడపిల్లల్లో సగం మంది పెళ్లయ్యాకో పురుడయ్యాకో ఉద్యోగం మానేశారు. ఈ సౌకర్యం అప్పుడే ఉండుంటే వాళ్లలో ఎంతమంది నిలబడేవారో అనిపిస్తుంది.

అయితే నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి ఇంకా రాలేదు.

మా అత్తగారింటి వీధిలో ఒక కంసాలి ఆయన ఉన్నారు. పని ఇంట్లోనే, అరుగు మీద. ముందు కుంపటి, చేతిలో ఊదుగొట్టం, చిన్న సుత్తి. రాలిన రజను వృథా పోకుండా కింద పళ్లెం. ఆలోచిస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ మనకి కొత్తేమీ కాదు. కుమ్మరి, సాలె, కంసాలి, అందరూ తరతరాలుగా చేసింది అదే. ఇంటి నుంచి విడిపోయిన ఆఫీసే మనకి కొత్త. కానీ ఆ అరుగు మీద ఇంకొకటి కూడా ఉండేది. ఆయన పక్కన ఒక పీట. దాని మీద పన్నెండేళ్ల కుర్రాడు, ఆయన చెల్లెలి కొడుకు, బడి వదిలాక వచ్చి కూర్చునేవాడు. ఆయన వాడికి పాఠం చెప్పగా నేను వినలేదు. వాడు చూస్తుండేవాడు, అంతే. మంట ఏ రంగుకి వచ్చినప్పుడు ఊదడం ఆపాలో ఆయన మాటల్లో చెప్పమంటే చెప్పలేరు. వాడు చూసి పట్టుకున్నాడు.

ఇలా పక్కన కూర్చుని నేర్చుకోవడం మా ఊరికి నిన్నా మొన్నా వచ్చింది కాదు. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. జేమ్స్ బర్జెస్ 1887లో అమరావతితో కలిపి దాని మీద పెద్ద గ్రంథమే వేశాడు. అక్కడ దొరికిన స్తంభాల మీద ప్రాకృత శాసనం ఒకటి ఉంది. క్రీస్తుశకం 3వ శతాబ్దం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం. తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించింది రాజు కాదు, మంత్రి కాదు, సిద్ధార్థుడనే పనివాడు. తన గురించి చెప్పుకుంటూ, ఆవేసని నాకచంద్రుడి కొడుకునని తండ్రి పేరు చెప్పుకున్నాడు. ఆవేశనం అంటే పనివాళ్ల శాల. ఆవేసని అంటే ఆ శాల మనిషి. బహుశా పని ఎవరి పక్కన కూర్చుని నేర్చాడో ఆ పేరుతోనే పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ పనివాడు తనను తాను పరిచయం చేసుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. 2007లో హైదరాబాదులో మొదటి ఉద్యోగం. ఒక రవాణా సంస్థ బిల్లుల ప్రోగ్రాంలో తప్పు వస్తోంది. కొన్ని బిల్లుల మీద ఇవాళ్టి తేదీకి బదులు నిన్నటి తేదీ పడుతోంది. అన్నీ కాదు, కొన్నే. మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. సొమ్ము చూశాను, ఊరు చూశాను, ఎవరు రాశారో చూశాను. మూడో రోజు సాయంత్రం మా సీనియర్ ఒకాయన టీ కప్పుతో నా వెనక నుంచి పోతూ ఆగారు. "ఇవన్నీ ఏ వేళప్పుడు రాసిన బిల్లులు?" అని ఒక్క ముక్క అడిగి వెళ్లిపోయారు. వేళ సంగతి నేను చూడనే లేదు. చూస్తే, తప్పు పడ్డ ప్రతి బిల్లూ తెల్లవారుజామున ఐదున్నర లోపు రాసిందే. సర్వర్ గడియారం గ్రీనిచ్ కాలమానంలో ఉంది. దానికీ మనకీ ఐదున్నర గంటల తేడా. మనకు ఐదున్నర కొట్టేదాకా దానికి ఇంకా నిన్నే.

ఆయన నాకు జవాబు చెప్పలేదు, ఏం అడగాలో చూపించారు. పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రశ్న పెట్టుబడిగా బతుకుతున్నాను. ఆయన టీకి ఆ దారిన రాకపోయుంటే నేను ఇరుక్కున్నానని ఆయనకి తెలిసేదే కాదు. నేను వెళ్లి అడిగేదాన్నా అంటే, కొత్తలో భయం, అడగను.

2021లో మా టీములో ఒక కుర్రాడు చేరాడు. ఫ్రెషర్. పద్నాలుగు నెలల పాటు నాకు అతను తెర మీద ఒక గుండ్రం, అందులో ఒక అక్షరం. కెమెరా వేసేవాడు కాదు. రోజూ పొద్దున పది నిమిషాల మీటింగులో "ఎంతవరకు వచ్చింది?" అంటే "అయిపోవచ్చిందండీ" అనేవాడు. ఒక పని మీద అలా ఆరు రోజులు అయిపోవస్తూనే ఉంది. విసుగొచ్చి ఫోన్ చేశాను. మాటల్లో "మీదే ఊరు?" అని అడిగితే నందిగామ పక్క పల్లెటూరి పేరు చెప్పాడు. మా పుట్టింటికి పది కిలోమీటర్లు! అమెరికా మీదుగా తిరిగి తిరిగి పలకరించుకుంటున్నాం గానీ, మధ్యలో ఉన్నది ఒక ఆటో దూరం.

ఆ బుధవారం నందిగామలో మా అమ్మవాళ్లింటికి రమ్మన్నాను. వరండాలో కుర్చీలు రెండే, వాటిని మా నాన్నగారూ ఆయన పేపరూ ఆక్రమించేశారు. ఇద్దరం పీటలు వేసుకుని కూర్చున్నాం. లాప్‌టాప్ తెరిచి పని చేయమన్నాను. లాగ్‌లో, అంటే ప్రోగ్రాం రాసుకునే దినచర్య లాంటి దానిలో, నలభై వేల వరసలున్నాయి. తప్పు ఎక్కడుందో వెతకడానికి అతను మౌసు చక్రం తిప్పుతూ ఒక్కొక్క వరసా కళ్లతో చదువుకుంటూ పోతున్నాడు. అందులోంచి మనకి కావలసిన వరసలు మాత్రమే ఏరిపెట్టే ఆదేశం ఒకటుంది. నాలుగక్షరాలు. అది అతనికి తెలియదు. ఆరు రోజులు దానికి పోయాయి.

అడిగి ఉండొచ్చుగా అంటారేమో. తెలియదని తెలిస్తేగా అడగడానికి! మేము చెప్పి ఉండొచ్చుగా అంటే, కాల్‌లో అతని స్క్రీన్ కనిపించేది, అది కూడా మేం చూపించమన్న ముక్కే. చెయ్యి కనిపించేది కాదు. పక్కన కూర్చుంటే అరగంటలో చెయ్యి కనిపించింది. కంసాలి పక్కన కుర్రాడు చూసేది ఆయన చేతిని. ఆయన కూడా వీడి చేతిని ఓ కంట కనిపెట్టే ఉంటారని నాకు ఆ వరండాలో అర్థమైంది.

ఇల్లు మేలా, ఆఫీసు మేలా అన్నదాని మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ కాల్ సెంటర్లో పరీక్ష పెట్టింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. తీరా పరీక్ష అయ్యాక మీ ఇష్టమంటే, సగానికి సగం మంది తిరిగి ఆఫీసుకే పోతామన్నారు, ఒంటరితనం భరించలేక. అదే సంస్థలో తర్వాత 1,600 మందికి పైగా ఉద్యోగులతో, వారానికి రెండు రోజులు ఇల్లు అనే పద్ధతి పరీక్షించారు. పని తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ఇది 2024లో నేచర్ పత్రికలో వచ్చింది.

నాకు ఇంకా దగ్గరగా తగిలింది ఇంకొకటి. నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పల్లాయిస్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లనే తీసుకుని చూశారు. టీమంతా ఒకే చోట కూర్చున్నప్పుడు, ఒకరి కోడ్ మీద ఇంకొకరు రాసే సలహాలు ఎక్కువ. లాభపడేది కొత్తవాళ్లు, అందులోనూ ఆడపిల్లలు. మరి ఖర్చు ఎవరిది? సీనియర్లది. పక్కవాళ్లకి చెప్పడంలో వాళ్లు రాసే కోడ్ తగ్గింది.

ఇది చదివినప్పుడు నిజం చెప్పొద్దూ, నాకు తల దించుకోవలసి వచ్చింది. ఇంట్లో నా పని బాగా సాగుతోందని నేను మురిసిపోతున్న ఆ బాగులో, పక్క పీట మీద ఎవరూ లేకపోవడం కూడా ఒక భాగమే కదా. నాకు ఒకాయన టీ చల్లారబెట్టుకుని నేర్పించారు. ఆ అప్పు నేను ఎవరికీ తీర్చకుండా ఇంట్లో హాయిగా కూర్చున్నాను.

కంపెనీలు మాత్రం దీన్ని హాజరుపట్టీ లెక్కగా చూస్తున్నాయి. 2020 ఏప్రిల్‌లో టీసీఎస్, 2025 నాటికి నూటికి 25 మంది ఆఫీసులో ఉంటే చాలంది. 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ రమ్మంది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి కొన్ని స్థాయుల వాళ్లకి నెలకి పది రోజులు అంది. ఇటు ఆదివారం రాత్రి జగ్గయ్యపేట పక్కన హైవే మీద చిల్లకల్లు దగ్గర నిలబడి చూడండి. వీపున లాప్‌టాప్ సంచి, చేతిలో పచ్చడి సీసాల సంచితో హైదరాబాదు బస్సు కోసం ఎంతమంది పిల్లలో. 2023 జూలై ఆఖరి వారంలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. విజయవాడ–హైదరాబాదు రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు, చేశాం. అంటే వరదొస్తే కుదిరే పని, వరద తగ్గితే కుదరదన్నమాట!

తీరా ఆఫీసుకి వెళితే ఏం జరుగుతోంది? మా ఊరి పిల్లలే చెబుతారు. టీములో ఒకరు పుణెలో, ఒకరు చెన్నైలో. రెండొందల కిలోమీటర్లు బస్సులో వెళ్లి, చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అక్కడి నుంచి మళ్లీ అదే కాల్. పక్కన కుర్చీ ఉంటుంది, అందులో తనకి నేర్పే మనిషి ఉండడు. ఇలాంటి హాజరు వల్ల ఎవరికి లాభమో నాకు తెలియడం లేదు.

కాబట్టి ఇల్లా, ఆఫీసా అని అడిగితే నా జవాబు ఇది. మొదటి రెండు మూడేళ్లు పని నేర్పే మనిషి పక్కన కూర్చోవాలి. ఆ మనిషి హైదరాబాదులో ఉంటే హైదరాబాదు వెళ్లాలి, ఇబ్బందైనా సరే. తల్లిదండ్రులారా, పిల్లవాడు మొదటి ఉద్యోగంలోనే ఇంటి దగ్గర ఉంటానంటే సంబరపడకండి. పని చేతికొచ్చాక ఎక్కడ కూర్చున్నా ఒకటే. అయితే అప్పుడు ఇంకో బాధ్యత మొదలవుతుంది: వారంలో ఒక రోజైనా ఎవరికో ఒకరికి పక్కన పీట వేయడం.

ఆ పీట వేయడానికి మన ఊళ్లలో చోటు కావాలి. ప్రభుత్వాలకి ఈ ఆలోచన రాకపోలేదు. 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్ పేరుతో ప్రయోగంగా 29 కేంద్రాలు అన్నారు. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, ఊరూరా మండలం మండలానా ఐటీ పని చేసుకునే చోట్లకి ప్రోత్సాహకాలన్నారు. వస్తే మంచిదే. నా మనవి ఒక్కటే. బల్లలు, ఏసీ, నెట్టు పెట్టి ఊరుకుంటే అది ఇంకో ఇల్లు అవుతుంది, అద్దెకట్టే ఇల్లు. పని తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చునేలా చూడాలి. వాళ్లు ఒకే కంపెనీ వాళ్లు కానక్కరలేదు. కంపెనీ రహస్యాలు ఎవరివి వాళ్లవే. లాగ్‌లో వరసలు ఎలా వెతకాలో అది ఏ కంపెనీ రహస్యమూ కాదు.

మా నందిగామ వరండాలో ఇప్పుడు బుధవారాలు నలుగురం కూర్చుంటున్నాం. ఆ కుర్రాడే ఇంకో ఇద్దరిని తెచ్చాడు. ఒకరు కంచికచర్ల పిల్ల, ఇంకా ఉద్యోగం రాలేదు, చూసి నేర్చుకుంటోంది. పోయిన వారం ఆ పిల్ల ఏదో చేస్తుంటే, కుర్రాడు మంచినీళ్లకి లోపలికి పోతూ ఆగి, ఆమె తెర వైపు చూసి ఏదో అడిగాడు. ఏం అడిగాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం "అరె!" అంది. మా నాన్నగారు పేపరు మడిచి తన కుర్చీ ఆ పిల్లకి ఇచ్చారు. వద్దండీ, పీటే బాగుందంది.

నిన్న మళ్లీ జగ్గయ్యపేటలో మా వీధావిడ అడిగింది, "ఏమ్మా, ఇంకా ఇంటి దగ్గరేనా?" అని.

"లేదు పిన్నీ, బుధవారాలు ఆఫీసుకి వెళ్తున్నా" అన్నాను.

"హైదరాబాదే?"

"కాదు, నందిగామ."